పేరు చూసిపెడతామన్న ఏజెన్సీ: ఆరు నెలల వాడకం తర్వాత

పూతరేకులు కొరియర్‌లో పంపి అమ్ముకునే మా చిన్న కొట్టుకు ఇంటర్నెట్‌లో ఉన్న పేరును చూసిపెట్టడానికి ఒక ఏజెన్సీని పెట్టుకొని, ఆరు నెలలు క్రమం తప్పకుండా డబ్బు కట్టి, ఆ ఒప్పందంలో చాలా భాగాన్ని మొన్ననే వదులుకున్నాం. ఆన్‌లైన్ రెప్యుటేషన్ మేనేజ్‌మెంట్ అని పిలిచే ఈ సేవను ఇప్పుడు రాజమండ్రి, విజయవాడ, హైదరాబాదుల్లో చాలామంది అమ్ముతున్నారు. స్వీట్ షాపులు, నర్సింగ్ హోములు, కల్యాణ మండపాలు, కోచింగ్ సెంటర్లు కొంటున్నాయి. కొనబోయేవారికి పనికొస్తుందని మా అనుభవం రాస్తున్నాను. ఏజెన్సీ పేరు మాత్రం రాయడం లేదు. వాళ్లిచ్చిన ప్యాకేజీకీ, అంతకుముందు మేము కొటేషన్ తీసుకున్న మరో రెండు సంస్థల ప్యాకేజీలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు కాబట్టి, ఇక్కడ నేను తూకం వేస్తున్నది ఆ సేవనే.

ప్యాకేజీ ధర నెలకు 18,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 21,240. ఆరు నెలలకు 1,27,440 రూపాయలు. గూగుల్ మ్యాప్స్‌లోనూ మా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లోనూ వచ్చే ప్రతి రివ్యూకూ ప్రతి కామెంటుకూ 24 గంటల్లోపు జవాబు రాయడం, నెలకు పన్నెండు పోస్టులు, రెండు రీల్స్ చేయడం, మూడు నెలలకొకసారి ఒక ఫుడ్ వ్లాగర్‌ను కొట్టుకు తీసుకురావడం, రేటింగ్ మెరుగుపరచడం, వీటన్నిటితో పాటు ముందురోజు మా గురించి ఎవరు ఎక్కడ ఏమన్నారో ఒక షీటు తయారుచేసి రోజూ ఉదయం తొమ్మిదింటికల్లా వాట్సాప్‌లో పంపడం ఆ డబ్బుకు వాళ్లు ఒప్పుకున్న పనులు. సంతకం పెట్టిన రోజున మా ధ్యాసంతా రేటింగ్ మీదే ఉంది. షీటు సంగతి కాగితంలో అట్టడుగున ఉన్న వాక్యం. దాన్ని మాలో ఎవరమూ పట్టించుకోలేదు.

మా కొట్టు రావులపాలెంలో ఉంది, రేకులు ఆత్రేయపురంలో తీయిస్తాం. జయ బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, పాలంత పలచగా కలిపిన పిండిలో గుడ్డ ముంచి, మంట మీద బోర్లించిన కుండ మీద ఒక్కసారి లాగితే పొర తేలుతుంది. చేయి తిరిగినవాళ్లు తప్ప దాన్ని చిరగకుండా ఎత్తలేరు. అటువంటి పొరల మధ్య నెయ్యి, బెల్లం పొడి లేదా పంచదార పొడి వేసి చుట్టిన పూతరేకు కొట్లో చేతికి అందిస్తే ఎలా ఉంటుందో, మూడు రోజులు లారీల్లో తిరిగి వెళ్లాక అలా ఉండదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే అధికారిక గుర్తింపు) వచ్చాక మాకు దూరప్రాంతాల ఆర్డర్లు పెరిగాయి, వాటితో పాటే విరిగిన పెట్టెల ఫొటోలూ పెరిగాయి. సంక్రాంతికి ముందు 4.5 ఉన్న మా రేటింగ్ మార్చి నాటికి 3.9కి దిగింది. ఫోనులో ఆ అంకె చూసి కొత్తవాళ్లు వేరే కొట్లకు వెళ్లిపోతున్నారని మా బావగారు బిల్లు పుస్తకం ముందు పెట్టి లెక్క చూపించారు. ఏజెన్సీని పిలిచింది అందుకే.

మొదటి రెండు నెలలూ అంతా సవ్యంగా నడుస్తున్నట్టే కనిపించింది. జవాబులు గంటలోపే వెళ్తున్నాయి, పోస్టుల్లో ఫొటోలు చక్కగా ఉన్నాయి. మూడో నెలలో, జూన్‌లో, బెంగళూరులో ఉంటున్న ఒకావిడ తన చెల్లెలి శ్రీమంతానికి పేరంటాళ్లకు తాంబూలంతో పాటు ఇవ్వడం కోసం మా దగ్గర ఇరవై పెట్టెలు తెప్పించుకున్నారు. అవి వేడుకకు ముందురోజు సాయంత్రం చేరాయి; తెరిచి చూస్తే పద్నాలుగు పెట్టెల్లో ఉన్నది పొడి. ఆవిడ ఒక స్టీలు పళ్లెంలో పసుపు, కుంకుమ, గాజుల పక్కన ఆ పొడిని పోసి ఫొటో తీసి, ఒక్క స్టార్ ఇచ్చి, మూడు వాక్యాలు రాశారు: "మా అమ్మమ్మ వాళ్ల వైపు నుంచి తెప్పించానని అందరికీ చెప్పుకున్నాను. పొద్దున్నే పేరంటాళ్లు వస్తారు. ఇప్పుడు వాళ్లకేమి పెట్టను?"

నలభై నిమిషాల్లో మా పేరుతో ఏజెన్సీ జవాబు వెళ్లింది. "ప్రియమైన కస్టమర్, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. మీ సంతృప్తే మా ప్రాధాన్యం. దయచేసి మీ ఆర్డర్ వివరాలను ఇన్‌బాక్స్ చేయగలరు." చివర జోడించిన చేతుల బొమ్మ ఒకటి, పూలగుత్తి బొమ్మ ఒకటి. ఆ వారంలోనే మరో మూడు రివ్యూల కింద అక్షరం పొల్లుపోకుండా ఇదే జవాబు ఉంది. ఆవిడ ఆ నాలుగు జవాబులనూ వరుసగా స్క్రీన్‌షాట్లు తీసి, పళ్లెం ఫొటోతో కలిపి మళ్లీ పోస్ట్ చేశారు. బెంగళూరులోని తెలుగువాళ్ల గ్రూపుల్లో ఆ రాత్రంతా అది తిరిగింది. మర్నాడు ఉదయం షీటులో ఆ ఫిర్యాదుకు ఎదురుగా ఉన్న గడిలో "పరిష్కరించాం" అని రాసి ఉంది. ఇదేమిటని అడిగితే, జవాబు పంపిన ప్రతి ఫిర్యాదునూ తమ పద్ధతి ప్రకారం అలాగే గుర్తిస్తామని చెప్పారు. ఈ సేవలో ఉన్న లోపాలన్నిటిలోకీ నేను పెద్దదిగా ఎంచేది ఇదే. పెట్టెలో పొడి పొడిగానే ఉంది, అవతలి ఇంట్లో పేరంటాళ్లకు పెట్టడానికి ఏమీ లేదు, మా పుస్తకంలో మాత్రం విషయం ముగిసిపోయింది.

ఆ రాత్రి తొమ్మిదింటికి విషయం తెలిసిన వెంటనే ఆర్డర్ కాగితంలో నంబరు వెతికి అమ్మ ఫోన్ చేసింది. క్షమించమని మొదలుపెట్టలేదు. "ఎన్ని పెట్టెలు బాగున్నాయమ్మా? రేపు పేరంటం ఎన్నింటికి?" అని అడిగింది. తెల్లారేసరికి ఇక్కడి నుంచి కొత్తవి పంపడం కుదరదని దాచకుండా చెప్పి, "ఆ పొడిలో కాస్త వెచ్చని నెయ్యి పోసి చిన్న చిన్న ఉండలు కట్టు తల్లీ, విరిగినా రుచి ఎక్కడికీ పోదు. బాగున్న పెట్టెలు పెద్ద ముత్తయిదువులకు ఇయ్యి" అంది. ఇరవై పెట్టెల డబ్బూ ఆ రాత్రే వెనక్కి పంపించాం. ఆవిడ రెండు రోజుల తర్వాత తన రివ్యూ కింద ఫోన్ వచ్చిన సంగతి, డబ్బు తిరిగి వచ్చిన సంగతి చేర్చారు. స్టార్ మాత్రం మార్చలేదు, మార్చమని మేము అడగనూ లేదు.

మాటల ఎంపికలో ఇటువంటి తప్పు చిన్న ఏజెన్సీలు మాత్రమే చేస్తాయని అనుకోవడానికి లేదు. 2017 ఏప్రిల్ 9న అమెరికాలోని షికాగో విమానాశ్రయంలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం నుంచి టికెట్ కొన్న ప్రయాణికుడిని భద్రతా సిబ్బంది ఈడ్చుకుపోయిన వీడియో లోకమంతా చూసిన తర్వాత, ఆ సంస్థ అధిపతి ఆస్కార్ మునోజ్ విడుదల చేసిన తొలి ప్రకటన, కొందరు ప్రయాణికులకు వేరే ఏర్పాటు చేయవలసి వచ్చినందుకు చింతిస్తున్నామన్న ధోరణిలో సాగింది. అదే రోజు ఉద్యోగులకు రాసిన లేఖలో ఆ ప్రయాణికుడినే తప్పుపట్టే మాటలున్నాయి. పూర్తి క్షమాపణ 11వ తేదీన వచ్చింది, కానీ ఆలోపు తొలి ప్రకటనే మరో వివాదంగా మారింది. అంత పెద్ద కంపెనీకి మాటలు రాసిపెట్టే మనుషులు లేక జరిగిన పొరపాటు కాదది. దెబ్బ తిన్న మనిషి కళ్లతో కాకుండా సంస్థ కళ్లతో చూస్తూ రాయడం వల్ల జరిగింది. మా పేరుతో ఏజెన్సీ రాసిన "అసౌకర్యం" అన్న మాట కూడా ఆ జాతిదే. శ్రీమంతం ఇంట్లో వెలితిని అసౌకర్యం అని మన ఊళ్లో ఎవరూ అనరు.

ఇక షీటు సంగతి. బెంగళూరు గొడవ తర్వాత నేను మొదటి నెల నుంచి వచ్చిన షీట్లన్నీ తీసి ఒక ఆదివారం కూర్చొని చదివాను. ఏజెన్సీలో మా ఖాతా చూసే అమ్మాయి వాటిని ఎంతో శ్రద్ధగా తయారుచేసింది: తేదీ, ఎక్కడ రాశారు, వాళ్లు వాడిన మాటలు యథాతథంగా, ఫొటో ఉంటే ఫొటో, దొరికినచోట ఆర్డర్ నంబరు. మూడు నెలల్లో 31 ఫిర్యాదులు వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టు ఫోనులో చదివినప్పుడు ఒక్కొక్కటీ ఒక్కొక్కరి చిరాకులా కనిపించేది, కొన్నిటికి మాకూ కోపం వచ్చేది. పక్కపక్కన పెట్టి చూస్తే వాటిలో 19 విరిగిన రేకుల గురించే. ఆ అమ్మాయి మా దగ్గర కొరియర్ రశీదుల పుస్తకం అడిగి తీసుకొని తేదీలు సరిపోల్చింది. ఆ 19లో 16 పార్సిళ్లు శుక్రవారం సాయంత్రమో శనివారమో బుక్ చేసినవి. వారాంతంలో పంపినవి ఆదివారం గోదాములో ఆగిపోయి, ఏ బరువైన మూటల కిందో పడి, సోమవారం కదులుతున్నాయి. ఎండాకాలంలో ఆ ఒక్కరోజు నిలవతో నెయ్యి కరిగి పెట్టె అడుగుకు దిగిపోతోంది, నెయ్యి దిగిపోయిన రేకు తాకితే చాలు పొడి అవుతోంది. ఎనిమిదేళ్లుగా కొరియర్‌లో పంపుతున్న మాకు తట్టని విషయం ఇది.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు తర్వాత దూరపు బుకింగులు ఆపేశాం. పలచని పెట్టె మానేసి, ఒక్కొక్క పూతరేకుకూ విడి గడి ఉండే గట్టి అట్ట పెట్టె చేయించాం. ఒక్కొక్క రేకునూ నెయ్యి పీల్చని కాగితంలో చుట్టి పెడుతున్నాం. పెట్టెకు పదకొండు రూపాయల ఖర్చు పెరిగింది, అందులో ఐదు రూపాయలు ధరలో కలిపి, మిగతా ఆరు మేమే భరించాం. తర్వాతి మూడు నెలల్లో విరిగిన రేకుల గురించి వచ్చిన ఫిర్యాదులు నాలుగు. రేటింగ్ 4.3కి చేరింది. ఏజెన్సీ వాళ్లు తమ నెలవారీ నివేదికలో ఆ పెరుగుదలను జవాబుల వేగానికి, రీల్స్‌కు జమ కట్టారు. నేను ఒప్పుకోను. జవాబులు మొదటి నెల నుంచీ అంతే వేగంగా వెళ్తున్నాయి, అయినా అంకె జూన్ దాకా 4 దాటలేదు.

జవాబు చెప్పడానికీ లోపం సరిదిద్దడానికీ ఉన్న ఈ తేడాయే పెద్ద కంపెనీల చరిత్రలోనూ కనిపిస్తుంది. 2009 ఏప్రిల్‌లో అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో డామినోస్ పిజ్జా దుకాణంలో పనిచేసే ఇద్దరు, తినే పదార్థాలతో అసహ్యకరమైన పనులు చేస్తూ తీసిన వీడియోను యూట్యూబ్‌లో పెట్టారు. అప్పటికి అటువంటి దానికి ఎలా స్పందించాలో కంపెనీలకు అలవాటు లేదు. రెండు రోజులు తర్జనభర్జన పడి, చివరికి ఆ సంస్థ అమెరికా విభాగం అధ్యక్షుడు ప్యాట్రిక్ డాయిల్ అదే యూట్యూబ్‌లో తన ముఖంతో క్షమాపణ చెప్పారు. సోషల్ మీడియా పాఠాలు చెప్పేవాళ్లు సాధారణంగా అక్కడితో ఆపేస్తారు, నాకు మాత్రం తర్వాత జరిగిందే ముఖ్యంగా తోస్తుంది. తమ పిజ్జా అట్టముక్కలా ఉందని కస్టమర్లు అంటున్న మాటలను ఏడాది తిరగకుండానే తమ ప్రకటనల్లోనే చూపించి, పిండి, సాస్, చీజ్ అన్నీ మార్చి కొత్త పిజ్జా తెచ్చారు. వినిపించిన ఫిర్యాదు వంటగది దాకా వెళ్లింది.

మన దేశంలో మ్యాగీ కథ ఇంకో రకంగా నడిచింది. నూడుల్స్‌లో సీసం ఎక్కువగా ఉందంటూ ఉత్తరప్రదేశ్‌లో తీసిన నమూనాతో మొదలైన వివాదం 2015 మే నాటికి ట్విటర్ అంతా నిండితే, కంపెనీ మొదట్లో పెద్దగా మాట్లాడలేదు, మాట్లాడిన కొద్దిపాటి కూడా ఒకే మూసలో ఉంది. జూన్ 5న ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అమ్మకాలు ఆపమని ఆదేశించింది. ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేస్తూ, నమూనాలను మూడు ప్రయోగశాలల్లో మళ్లీ పరీక్షించమంది. ఆ ఫలితాలు చేతికొచ్చాకనే నవంబరులో మ్యాగీ మళ్లీ దుకాణాల్లోకి రాగలిగింది. ట్వీట్లు ఎన్ని పెట్టినా ఆ పరీక్షల కాగితానికి సాటిరావు. మా కొట్టు స్థాయికి ఆ కాగితం అంటే కొత్త అట్ట పెట్టె.

నాలుగో నెలలో జరిగిన విషయం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ కొనబోయేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఒక ఉదయం రేటింగ్ ఒక్కసారిగా పెరిగింది. అమ్మ కళ్లజోడు పెట్టుకొని కొత్త రివ్యూలు చదువుతూ ఒకచోట ఆగి, "లోపల కూర్చునే చోటు చాలా బాగుంది, ఫ్యామిలీతో వెళ్లొచ్చు అని రాశారేమిటి? మన కొట్లో కుర్చీలే లేవు కదా" అంది. చూస్తే వారం రోజుల్లో పాతిక దాకా అయిదు స్టార్ల రివ్యూలు పడ్డాయి, రాసినవాళ్లలో ఒక్కరి పేరూ మా బిల్లుల్లో లేదు. రేటింగ్ మెరుగుపరచడం అంటే ఏజెన్సీ లెక్కలో ఇది కూడా ఉంది. వెంటనే తీయించమన్నాం, తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ, కొట్టుకు వచ్చి "మీకు రివ్యూలు బాగున్నాయండి" అన్న ప్రతి మనిషి ముందూ అమ్మ తలదించుకుంది.

దీనికి చట్టం కూడా అడ్డు ఉంది. ఆన్‌లైన్ రివ్యూల సేకరణ, ప్రచురణ ఎలా ఉండాలో చెబుతూ భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని విడుదల చేసింది. స్వచ్ఛందంగా పాటించవలసినదే అయినా, డబ్బిచ్చి రాయించిన రివ్యూలు చెల్లవన్న సంగతి అందులో స్పష్టంగా ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ అదే తప్పు చేస్తే 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు. అమెరికాలో రెస్టారెంట్లు, గ్రోసరీ దుకాణాలు నడుపుతున్న మనవాళ్లకు ఇంకా నేరుగా వర్తించే నియమం ఒకటుంది: నకిలీ రివ్యూలు కొనడం, అమ్మడం నిషేధిస్తూ అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఆగస్టులో ఇచ్చిన నియమం అక్టోబరు నుంచి అమల్లో ఉంది.

కౌంటర్ మీద పెట్టమని ఇచ్చిన క్యూఆర్ కోడ్ స్టాండు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. స్కాన్ చేస్తే ముందు "మీకు నచ్చిందా?" అని అడుగుతుంది. నచ్చిందన్నవాళ్లను గూగుల్ రివ్యూ పేజీకి, నచ్చలేదన్నవాళ్లను ఏజెన్సీ సొంత ఫారానికి పంపుతుంది. బాగుందన్నవాళ్ల చేత మాత్రమే ఏరి రాయించుకోవడాన్ని గూగుల్ నియమాలు ఒప్పుకోవు. ఆ స్టాండు తీసేసి, పెట్టె మూత లోపలి వైపు మా ఫోన్ నంబరు అచ్చు వేయించాం.

ఏజెన్సీ వాళ్లు ఇంకో సలహా ఇచ్చారు: ఒక యూట్యూబర్ మా పెట్టెల మీద చేసిన విమర్శ వీడియోకు లాయరు నోటీసు పంపమని. ఆ మాట వినగానే నాకు 2023లో బోర్న్‌వీటాకు జరిగింది గుర్తొచ్చింది. అందులో చక్కెర ఎంత ఉందో చెబుతూ ఆ ఏడాది ఏప్రిల్‌లో ఒకరు వీడియో చేస్తే, కంపెనీ నోటీసు పంపింది, ఆయన క్షమాపణ చెప్పి వీడియో తీసేశారు. తీసేసిన వీడియోను మాత్రం అంతకుముందు చూడనివాళ్లు కూడా వెతుక్కొని చూశారు. ఆ ఏడాది చివరికి కంపెనీయే 100 గ్రాములకు 37.4 గ్రాములున్న అదనపు చక్కెరను 32.2 గ్రాములకు తగ్గించింది. మేము నోటీసు పంపలేదు. ఆ యూట్యూబర్ చూపించిన పెట్టె శనివారం బుక్ చేసినదే.

వ్లాగర్ వీడియో గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఒకరు వచ్చారు, కుండ దగ్గర నిలబడి బాగా తీశారు, రెండు వారాలు కొట్టు ముందు జనం కట్టారు. డబ్బు తీసుకొని చేసిన వీడియో అని అందులో స్పష్టంగా చెప్పాలని, 2023 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు అదే చెబుతున్నాయని మేము పట్టుబడితే, అలా వేస్తే జనం చూడరని కాసేపు వాదించి ఒప్పుకున్నారు. "పెయిడ్ ప్రమోషన్" అని వేసినా చూసేవాళ్లు చూశారు. రద్దీకి మేము తట్టుకోగలమా అన్న లెక్క మాత్రం ఎవరూ ముందు వేయలేదు. 2024 జనవరిలో హైదరాబాదు మాదాపూర్‌లో కుమారి ఆంటీ భోజనాల బండి దగ్గర రీల్స్ చూసి వచ్చిన జనానికి ట్రాఫిక్ ఆగిపోయి, పోలీసులు బండి తీయమనడం, ముఖ్యమంత్రి కల్పించుకొని అక్కడే ఉండనివ్వమనడం మనమంతా చూశాం. మా దగ్గర రేకులు తీసే ఆడవాళ్లు ఆ రెండు వారాలూ రోజుకు మూడు గంటలు అదనంగా మంట ముందు కూర్చోవలసి వచ్చింది. ఆ పని కొట్టుకు వచ్చిన లాభంలో పెట్టి చూడవలసిన విషయమని నాకు అప్పుడే తట్టి ఉండవలసింది. అదనపు కూలి ఇచ్చాం, అయినా అలా మళ్లీ చేయించం.

ఏజెన్సీ వైపు నుంచి ఒక మాట ఒప్పుకోవాలి. యజమానులే జవాబులు రాస్తే కోపంలో నోరు జారుతుందని వాళ్లు మొదటి రోజే హెచ్చరించారు. 2025 ఏప్రిల్‌లో మన గోదావరి ప్రాంతం నుంచి ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మే ఒక సంస్థ నుంచి, ధర ఎక్కువగా ఉందన్న కస్టమర్‌కు తిట్లతో వాయిస్ మెసేజ్ వెళ్లడం, అది బయటపడి తెలుగు రాష్ట్రాల్లో అందరి ఫోనుల్లోనూ తిరగడం, ఆ వ్యాపారమే ఆగిపోయే పరిస్థితి రావడం తెలియనివాళ్లు లేరు. ఏజెన్సీని పెట్టుకోక ముందు నేను కూడా ఒక రాత్రి పదకొండింటికి, "తినడం తెలియకపోతే కొనకండి" అని ఒకరికి రాసి, పొద్దున లేచి తుడిచేశాను. అప్పటికే ఆయన చదివారు. కాబట్టి రాసే చేతికీ పంపే మీటకూ మధ్య ఇంకో మనిషి ఉండడం మంచిదే. ఆ మనిషి జవాబు మొత్తాన్ని తానే తయారుచేయకూడదని మాత్రమే నేననేది.

అందుకే ఇప్పుడు ఒప్పందం మార్చుకున్నాం. పోస్టులు, రీల్స్, రేటింగ్ మెరుగుదల, మూస జవాబులు అన్నీ తీసేసి, ఉదయపు షీటు, వారానికొకసారి ఫిర్యాదులను రశీదులతో సరిపోల్చే పని మాత్రమే ఉంచుకున్నాం. దానికి నెలకు 6,000 రూపాయలు, జీఎస్టీ అదనం. అదే అమ్మాయి చూస్తోంది. జవాబులు అమ్మ చెబుతుంది, నేను టైప్ చేస్తాను, ఆ అమ్మాయి ఒకసారి చదివాక వెళ్తాయి. రోజూ సాయంత్రం నాలుగింటికి, కొట్లో రద్దీ తగ్గాక, అరగంట పని. షీటులో "పరిష్కరించాం" అనే గడి తీయించి, "ఏం చేశాం" అని మార్పించాం. అక్కడ డబ్బు వెనక్కి పంపామనో, వేరే పెట్టె పంపామనో, ఫలానా రోజు ఫోన్ చేశామనో రాయాలి, "జవాబు పంపాం" అని రాస్తే ఆ గడి ఖాళీగా ఉన్నట్టే లెక్క. ఈ పద్ధతి ఒప్పుకునే ఏజెన్సీ దొరికితే 6,000 రూపాయలకు ఈ సేవ నిస్సందేహంగా కొనవచ్చు. 18,000 రూపాయల ప్యాకేజీ మాత్రం మా స్థాయి కొట్లకు నేను సిఫారసు చేయలేను. పాతిక శాఖలున్న సంస్థలకు లెక్క వేరుగా ఉండవచ్చు, కానీ వాళ్లు కూడా సంతకానికి ముందు తమ పేరుతో పోయే జవాబులు ఎవరు రాస్తారో, ఆ రాసే మనిషికి వంటగదికి ఫోన్ చేసే వీలుందో లేదో అడిగి తెలుసుకోవాలి.

బెంగళూరు ఆవిడ ఒక్క స్టార్ రివ్యూ, పసుపు కుంకుమల పక్కన పొడి పోసిన ఆ పళ్లెం ఫొటో మా పేజీలో ఇప్పటికీ ఉన్నాయి. దాని కింద ఏజెన్సీ రాసిన జవాబు తీసేసి, ఆ పెట్టెలు ఎందుకు విరిగాయో, శుక్రవారం మధ్యాహ్నం తర్వాత ఎందుకు బుకింగ్ తీసుకోవడం లేదో, కొత్త పెట్టె ఎలా ఉంటుందో అమ్మ చెప్పినట్టే రాశాను. దూరం నుంచి ఆర్డర్ పెట్టేవాళ్లు ఫోన్ చేసినప్పుడు చాలామంది ముందు అడిగేది దాని గురించే: "ఆ గళ్ల పెట్టెలోనే పంపుతారు కదండీ?"